కారుకు ఒక కన్ను పోతే...

చీకటి పడింది. డివైడర్ లేని రెండు వరసల రోడ్డు. ఎదురుగా ఒకే ఒక్క దీపం వస్తోంది. ఎవరైనా ఏమనుకుంటారు? మోటార్‌సైకిల్ అనుకుంటారు. దానికెంత చోటు కావాలో అంతే వదిలి, మిగతా రోడ్డంతా తమదే అన్నట్టు ముందుకొస్తారు. తీరా దగ్గరకొచ్చాక తెలుస్తుంది... అది బైకు కాదు, ఒక హెడ్‌లైటు ఆరిపోయిన కారని. అప్పటికి స్టీరింగ్ తిప్పుకునే వ్యవధి ఉంటే అదృష్టం!

ఈ పొరపాటు ఇప్పుడు ఇంకా తేలిగ్గా జరుగుతుంది. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్తగా తయారయ్యే మోటార్‌సైకిళ్లకీ స్కూటర్లకీ ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ హెడ్‌లైటు దానంతటదే వెలిగి ఉండే ఏర్పాటు తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ దాంతో ఒంటి దీపం కనిపిస్తే అది ద్విచక్ర వాహనమేనని కంటికి బాగా అలవాటైపోయింది.

ఏ పక్క దీపం పోయిందన్నదీ ముఖ్యమే. మన దగ్గర బళ్లు రోడ్డుకు ఎడమవైపున నడుస్తాయి. ఎదురొచ్చే వాహనం మన కుడిపక్క నుంచి దాటిపోతుంది. కాబట్టి కుడి దీపం పోవడం మరీ ప్రమాదం. ఎడమది ఒక్కటే వెలుగుతుంటే ఎదుటివాళ్లకు రోడ్డు అంచున పోతున్న బైకులా కనిపిస్తుంది. ఆ దీపం పక్కన చీకట్లో ఇంకో నాలుగైదు అడుగుల కారు ఉందని వాళ్లకు తెలియదు. అలాగని ఎడమది పోతే పర్వాలేదని కాదు. సైకిళ్లు, ఎడ్లబళ్లు, వెనక దీపం లేని ట్రాక్టర్ ట్రాలీలు, కోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ పేర్చిన రాళ్లు... ఇవన్నీ ఉండేది ఆ పక్కనే.

ఒంటికన్నుతోనే శుక్రాచార్యుడు రాక్షసులకు గురుత్వం నెరిపాడు గానీ, కారు విషయంలో అది కుదరదు. రాత్రిపూట ముందున్న మనుషులూ వాహనాలూ 155 మీటర్ల దూరం దాకా స్పష్టంగా కనిపించేలా దీపాలుండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. అయినా చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. ‘ఊళ్లో వీధి దీపాలున్నాయిగా, వచ్చే సర్వీసింగ్‌లో చూపిద్దాం’ అనుకుంటారు. ఈలోగా ఏదో పెళ్లి, ఏదో పండగ. రాత్రి తిరుగు ప్రయాణం. పిల్లలు వెనకసీట్లో నిద్ర. ముందు ఒకటే దీపం.

వాయిదాకు ఇంకో కారణం ఖర్చు భయం. ‘డోమ్ మొత్తం మార్చాలి సార్’ అని ఎక్కడ అంటారోనని! డోమ్ అంటే అద్దం, రిఫ్లెక్టర్ అన్నీ కలిసిన హెడ్‌లైటు. వేలల్లో ఉంటుంది. నిజానికి వెలగని హెడ్‌లైటుకు డోమ్ కారణం కావడం అరుదు. మామూలు హాలోజన్ బల్బులున్న కార్లలో తప్పు ఎక్కువసార్లు బల్బులోనో, ఫ్యూజులోనో, బల్బు వెనక కప్లర్‌లోనో ఉంటుంది. ఎక్కడుందో కనిపెట్టడానికి మెకానిక్కే కానక్కర్లేదు. ఇంటి ముందు గోడ ఉంటే చాలు.

గోడ చెప్పే నిజం

సాయంత్రం చీకటి పడే వేళ కారును గోడకు ఎదురుగా పదీ పదిహేను అడుగుల దూరంలో నిలపండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంట్లో ఎవరినైనా ముందు పక్కగా నిలబడమనండి. ముందు పార్కింగ్ లైట్లు, తర్వాత డిమ్, తర్వాత బ్రైట్, ఆఖర్న ఇండికేటర్లు... ఒక్కొక్కటే వేసి చూడండి. ఏ పక్కన ఏది వెలిగిందో, ఏది వెలగలేదో కాగితం మీద రాసుకోండి. సగం రోగ నిర్ణయం అక్కడే అయిపోతుంది.

ఎలాగంటారా? మన చిన్న కార్లలో చాలావాటికి వాడేది హెచ్4 రకం బల్బు. దానికి వెనక మూడు పిన్నులుంటాయి. లోపల తీగలు రెండు. 60 వాట్లది బ్రైట్‌కు, 55 వాట్లది డిమ్‌కు. ఒక తీగ తెగినా రెండోది వెలుగుతుంది. అందుకే ఒక పక్కన డిమ్ లేదు, బ్రైట్ మాత్రం వస్తోందంటే అనుమానం మొదట బల్బు మీదే. డిమ్ తీగ ముందు పోవడానికి కారణం తేలికే. ఊళ్లో తిరిగినంతసేపూ వెలిగేది అదే కదా! అదే ఒక పక్కన డిమ్మూ బ్రైటూ రెండూ లేవంటే, రెండు తీగలూ ఒకేసారి తెగడం తక్కువ కాబట్టి ఫ్యూజూ కప్లరూ ఎర్తూ చూడాలి. ఇక రెండు పక్కలా డిమ్ లేదంటే రెంటికీ ఉమ్మడిగా ఉన్న రిలే మీదో, స్విచ్ మీదో దృష్టి పెట్టాలి.

ఇక్కడో తిరకాసుంది. ‘రెండూ ఒకేసారి పోయాయండీ’ అని వచ్చే కార్లలో కొన్నిటికి నిజంగా పోయింది ఒకటే. మొదటిది నెల క్రితమే పోయి ఉంటుంది, ఎవరూ గమనించలేదు. రెండోది కూడా పోయాకే చీకటి తెలిసింది. కాబట్టి రిలే, స్విచ్ అని పెద్ద ఖర్చులకు వెళ్లేముందు రెండు బల్బులూ బయటికి తీసి చూడటం మేలు.

కొన్ని కార్లలో డిమ్‌కు ఒక బల్బు, బ్రైట్‌కు ఒక బల్బు విడివిడిగా ఉంటాయి. హెచ్7, హెచ్11 వంటి రకాలన్నమాట. వాటిలో ఒకే తీగ. ఏ రకమో బల్బు మీదా, కారుతో ఇచ్చిన పుస్తకంలోనూ రాసి ఉంటుంది. దుకాణానికి వెళ్లేటప్పుడు పాత బల్బు చేతిలో ఉంటే వాదనే ఉండదు.

అటుదిటు, ఇటుదటు

ఏ పరికరమూ లేకుండా చేసే పరీక్ష ఒకటుంది. ఆటో ఎలక్ట్రీషియన్లు కూడా ముందు చేసేది ఇదే. కుడి బల్బు తీసి ఎడమకు, ఎడమది తీసి కుడికి పెట్టడం! జబ్బు బల్బుతో పాటు రెండో పక్కకు వెళ్లిందా, తప్పు బల్బుదే. బల్బు మారినా ఆ పక్క చీకటిగానే ఉందా, బల్బు నిర్దోషి. తప్పు అక్కడి తీగల్లోనో, ఫ్యూజులోనో ఉంది. పది నిమిషాల పని. ఇది చేయకుండా కొత్త బల్బు కొనడమంటే జ్వరం చూడకుండా మాత్ర మింగడమే.

బల్బు తీయడం కష్టమేం కాదు, పద్ధతి తెలియాలంతే. లైట్లూ ఇంజినూ ఆపి, తాళంచెవి తీసేసి, బల్బు చల్లారేదాకా ఆగాలి. హాలోజన్ బల్బు గాజు వందల డిగ్రీల వేడెక్కుతుంది. బానెట్ ఎత్తి, వెనక ఉన్న కప్లర్‌ను తిన్నగా లాగాలి. తీగలు పట్టుకుని లాగకూడదు. తర్వాత రబ్బరు టోపీ, దాని లోపల స్ప్రింగ్ క్లిప్పు. క్లిప్పును నొక్కి పక్కకు తప్పిస్తే బల్బు బయటికొస్తుంది. హెచ్4 బల్బు చుట్టూ ఉన్న మూడు చెవులు ఒకే తీరులో కూర్చుంటాయి. కూర్చోనని మొరాయిస్తే తిప్పి చూడాలే తప్ప బలవంతం చేయకూడదు. కొన్ని కార్లలో చెయ్యి పట్టాలంటే బ్యాటరీనో, మరో డబ్బానో పక్కకు జరపాలి. అలాంటివి ఇంట్లో తొందరపడకుండా ఎలక్ట్రీషియన్‌కు వదిలేయడమే నయం.

గాజును మాత్రం వేలితో తాకకండి. చేతి జిడ్డు అంటిన చోట గాజు మిగతా భాగం కంటే ఎక్కువ వేడెక్కి, బల్బు ముందే పోతుంది. లోహపు భాగం పట్టుకోవాలి, లేదా శుభ్రమైన గుడ్డతో పట్టుకోవాలి. పొరపాటున తాకితే స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. ఇక రబ్బరు టోపీ మళ్లీ పెట్టడం మరిచిపోయేవాళ్లు ఎందరో! ఆ దారినే వానాకాలం తేమా, ఎండాకాలం దుమ్మూ లోపలికి చేరి రిఫ్లెక్టర్ మెరుపు పోతుంది. డోమ్ మార్చాల్సిన పరిస్థితి అప్పుడొస్తుంది నిజంగా.

తీసిన బల్బును వెలుతురుకు పెట్టి చూస్తే అదే తన కథ చెబుతుంది. తెగిన తీగ కంటికి కనిపిస్తుంది. ముందువైపు, కింద చిన్న రేకు గిన్నె ఉన్నది డిమ్ తీగ. గాజు లోపల నల్లగా, వెండిరంగుగా మసి పట్టి ఉంటే ఆయుష్షు తీరినట్టు. పాలలా తెల్లటి పూత ఉంటే ఎక్కడో గాజు చిట్లి లోపలికి గాలి పోయినట్టు. వానలో గుంతల నీళ్లు చిమ్మి వేడి గాజు మీద పడినా ఇలా జరగొచ్చు. అయితే తీగ తెగనట్టు కనిపించినా మొదట్లో, పిన్నుల దగ్గర ఊడి ఉండొచ్చు. కంటిని నమ్మి బల్బుకు మంచిదని సర్టిఫికెట్ ఇవ్వకండి. తారుమారు పరీక్షదే తుది తీర్పు.

ఫ్యూజుకు బదులు వెండి కాగితమా?

బల్బు మంచిదని తేలితే తర్వాతి మెట్టు ఫ్యూజు. ఫ్యూజుల పెట్టె కొన్నిట్లో స్టీరింగ్ కింద, కొన్నిట్లో బానెట్ కింద, కొన్నిట్లో రెండు చోట్లా ఉంటుంది. మూత లోపలివైపు పటం ఉంటుంది. చాలా కార్లలో కుడి ఎడమలకు వేర్వేరు ఫ్యూజులు. ఒకటి పోయినా రెండో దీపం ఉండాలనే ఈ ముందుచూపు. ఫ్యూజు పైకి లాగి చూస్తే లోపలి తీగ తెగిందో లేదో తెలిసిపోతుంది. ఎర్రది 10 ఆంపియర్లు, నీలిది 15, పసుపుపచ్చది 20. ఏ రంగు పోతే ఆ రంగే వేయాలి.

కొత్త ఫ్యూజు వేయగానే అదీ పోయిందనుకోండి. అప్పుడు చేయకూడని పని మన దగ్గర తరచూ చేస్తుంటారు. ఇంకా పెద్ద ఫ్యూజు వేయడం, అది కూడా దొరక్కపోతే రాగి తీగ ముక్కో, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితమో చుట్టేయడం! దీపం వెలుగుతుంది, ఊరు చేరతారు, ‘చూశావా’ అని మెచ్చుకుంటారు కూడా. కానీ ఫ్యూజు పదేపదే పోవడమంటే ఎక్కడో తీగ ఒరుసుకుపోయి బాడీకి తగులుతోందని అర్థం. కాలాల్సిన ఫ్యూజును కాలనివ్వకపోతే దాని బదులు తీగ కాలుతుంది. తీగ ఉండేది ప్లాస్టిక్ మధ్య, ఇంజిన్ పక్కన. ఇది ఎలక్ట్రీషియన్ చూడాల్సిన కేసు, మరో మాట లేదు.

తీగలు ఒరుసుకుపోవడమే కాదు, ఎలుకలూ కొరుకుతాయి. వారం పది రోజులు కదలని కారు బానెట్ కింద వెచ్చగా కాపురం పెడతాయి. పొగాకు కట్ట పెడితే రావని కొందరి నమ్మకం. ఏది పెట్టినా, అప్పుడప్పుడు బానెట్ ఎత్తి చూడటం మాత్రం మానకూడదు.

ఫ్యూజు బాగుండి, బల్బు బాగుండి, అయినా వెలగలేదంటే కప్లర్‌ను చూడండి. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, కరిగినట్టుంటే దొంగ దొరికినట్టే. పిన్ను వదులైతే అక్కడ వేడి పుడుతుంది, ఆ వేడికి పట్టు ఇంకా వదులవుతుంది. కప్లర్ విడిగా దొరుకుతుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల అయితే వెతుక్కునే పనే ఉండదు. వేడికి తట్టుకునే పింగాణీ రకం ఇంకా మేలు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో పిన్నుల మీద పచ్చటి చిలుము కూడా పడుతుంది. దాన్ని సన్నటి గరుకు కాగితంతో తీసేస్తే చాలాసార్లు దీపం తిరిగొస్తుంది.

మరో రకం జబ్బు ఉంది. దీపం వెలుగుతుంది గానీ గుడ్డిగా, ఆముదం దీపంలా ఉంటుంది. లేదా డిమ్ వేస్తే రెండు తీగలూ సన్నగా ఎర్రబడతాయి, డ్యాష్‌బోర్డు మీద నీలి గుర్తు మినుకుమినుకుమంటుంది. హెడ్‌లైటు వేసి ఇండికేటర్ వేస్తే అన్నీ కలిసి నాట్యం చేస్తాయి. వీటన్నిటికీ పేరు ఒకటే... ఎర్త్ సరిగా అందకపోవడం. బ్యాటరీ నుంచి వచ్చిన కరెంటు తిరిగి వెళ్లే దారి తుప్పు పట్టిందన్నమాట. దారి మూసుకుపోయిన కరెంటు పక్క బల్బుల గుండా సందులు వెతుక్కుంటుంది. హెడ్‌లైటు దగ్గర్లో బాడీకి బిగించిన తీగ బోల్టు విప్పి, తుప్పు గీకి, గట్టిగా బిగిస్తే సరిపోతుంది. రూపాయి ఖర్చు లేని మరమ్మతు ఇది. బల్బుకు అందే వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం తగ్గుతుంది. ‘ఈ కారు లైట్లే అంత’ అని సరిపెట్టుకునేవాళ్లు ఓసారి ఈ బోల్టు చూసుకోవాలి.

రెండు పక్కలా డిమ్మో, బ్రైటో లేకపోతే రిలే సంగతి. స్విచ్ వేసినప్పుడు ఫ్యూజుల పెట్టెలో ‘టిక్’ మని వినిపించేది అదే. అదే పెట్టెలో హారన్‌కు కూడా అచ్చం అదే నంబరు రిలే ఉంటే, ఆ రెంటినీ తారుమారు చేసి చూడొచ్చు. దీపం వెలిగి హారన్ మూగబోయిందంటే ఇంకేం కావాలి! నంబర్లు కలవకపోతే మాత్రం ప్రయోగం వద్దు. రిలే లేని పాత చిన్న కార్లు కొన్ని ఉన్నాయి. వాటిలో కరెంటంతా స్టీరింగ్ పక్కనుండే కాంబినేషన్ స్విచ్ గుండానే పోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అందులోని కాంటాక్టులు కాలిపోతాయి.

ఆ కాలడానికి చాలాసార్లు మనమే కారణం. ‘వెలుతురు చాలట్లేదు’ అని 100/90 వాట్ల బల్బులు వేయించే మోజు ఒకటుంది కదా! అసలు బల్బులు రెండూ కలిసి బ్రైట్‌లో 10 ఆంపియర్లు లాగితే, ఇవి దాదాపు 17 లాగుతాయి. తీగలూ స్విచ్చూ కప్లరూ ఆ బరువుకు పుట్టినవి కావు. ప్లాస్టిక్ రిఫ్లెక్టర్ వేడికి వంకరపోతుంది. పైగా ఎదుటివాళ్ల కళ్లు బైర్లు కమ్ముతాయి. మార్కెట్లో దొరికే ఎల్ఈడీ బల్బును హాలోజన్ డోమ్‌లో దూర్చడమూ ఇలాంటిదే. డోమ్ లోపలి వంపులు సన్నటి తీగ వెలుతురుకు లెక్కకట్టి చేసినవి. వేరే ఆకారంలోని వెలుతురు వాటి మీద పడితే కాంతి రోడ్డు మీద కాక ఆకాశంలోకీ, ఎదుటి కారు అద్దంలోకీ చిమ్ముతుంది. తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా అడ్డుకుంటుంది.

కొత్త బల్బు రెండు మూడు నెలలకే పోతోందంటే బల్బును తిట్టకుండా వోల్టేజీ కొలిపించండి. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండటం మామూలు. పాత తరహా ఛార్జింగ్ ఉన్న కార్లలో 15 దాటితే ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ అదుపు తప్పినట్టు. అయిదు శాతం వోల్టేజీ పెరిగితేనే బల్బు ఆయుష్షు సగానికి పడిపోతుంది. అప్పుడు బల్బుతో పాటు బ్యాటరీ కూడా ఉడికిపోతూ ఉంటుంది.

కంపెనీ నుంచే ఎల్ఈడీ లైట్లతో వచ్చిన కార్ల దారి వేరు. విడి బల్బే ఉండదు చాలావాటికి. వెలగకపోతే ఫ్యూజు వరకూ చూసి, వారంటీ ఉందేమో కనుక్కుని సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లడమే. టెస్ట్ ల్యాంపుతో తీగలు పొడిస్తే కంట్రోల్ యూనిట్‌కే ఎసరు. జినాన్ దీపాలున్న కారైతే అసలు ముట్టుకోవద్దు. వెలిగే క్షణంలో అక్కడ 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది.

ఇంతకీ రాత్రి ఊరికి దూరంగా కుడి దీపం పోయిందనుకోండి. కొందరు వెంటనే బ్రైట్ వేసుకుని బయల్దేరతారు. హెచ్4లో బ్రైట్ తీగ బాగానే ఉంటుంది కాబట్టి రెండూ వెలుగుతాయి, తమకు హాయి. ఎదురొచ్చేవాళ్లకు మాత్రం ఏమీ కనిపించదు. ఆ కళ్లు మూసుకుపోయిన లారీ వచ్చేది మన మీదికే. దానికి బదులు వెలుతురున్న పెట్రోలు బంకులో ఆగి, బల్బు చల్లారాక, బాగున్న ఎడమ బల్బును కుడికి మార్చుకోండి. ఎదుటివాళ్లకు కారు అసలు అంచు ఎక్కడుందో అప్పుడు తెలుస్తుంది. ముందు ఫాగ్ ల్యాంపులుంటే అవీ వేయండి. రెండు దీపాలున్నాయని కనిపించడమే కావలసింది. వేగం తగ్గించి, దగ్గర్లోని ఊళ్లో బల్బు దొరికేదాకా మాత్రమే ఈ ఏర్పాటు. రెండు దీపాలూ పూర్తిగా పోతే ప్రయాణం అక్కడితో ఆపాలి. రోడ్డు దిగి నిలిపి, నాలుగు ఇండికేటర్లూ వేసి, సాయం కోసం ఫోన్ చేయాలి.

అసలు దీపం పోయిందని ముందుగా తెలిసేదెలా? డ్రైవరు సీట్లోంచి తెలియదు, ఊళ్లో అయితే మరీను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముందున్న కారు వెనక అద్దంలో చూడండి. దుకాణాల గాజు తలుపుల్లో చూడండి. రెండు దీపాలు కనిపించాలి.

ఇక తీసేసిన పాత హెచ్4 బల్బు. డిమ్ పోయినా దాని బ్రైట్ తీగ బతికే ఉంటుంది, అందుకని చాలామంది దాచుకుంటారు. దాచుకోండి గానీ, కొత్త బల్బు డబ్బాలో మాత్రం పెట్టకండి. మరోసారి చీకట్లో వెతుక్కుంటే చేతికి ముందు తగిలేది అదే. డ్యాష్‌బోర్డు అరలో ఒక కొత్త బల్బు, రెండు ఫ్యూజులు, ఒక మెత్తటి గుడ్డ, చిన్న టార్చి ఉంటే సరిపోతుంది.